రాయి కదలకూడదు

ముక్కు మీద ఈగ వాలింది. రాయి ఈగను తోలుకోకూడదు. రాయికి దురద ఉండదు, దాహం ఉండదు, పెళ్లాం గుమ్మంలోంచి చూసి నవ్వితే సిగ్గు కూడా ఉండదు. మా గల్లీ ఆట నియమం అది. నలభై రెండేళ్లవాణ్ణి, పదహారేళ్లుగా జకార్డు సాంచా మీద చద్దర్లు నేస్తున్నవాణ్ణి, దీపావళి మర్నాడు, పాడ్వా నాడు, పొద్దున పదకొండింటికి భవాని పేట్ నడివీధిలో ఎడమ చెయ్యి పైకెత్తి, కుడికాలు ముందుకు పెట్టి నిలబడి ఉన్నాను. నన్ను కొట్టిన మాంత్రికుడు నల్ల గొంగడి కప్పుకున్నాడు, ముఖానికి మసి పూసుకున్నాడు, గొంతు మార్చి "రాయివైపో" అన్నాడు. ఎవరో నాకు తెలియదనుకున్నాడు పాపం. గొంగడి కింద నడుముకు బిగించిన టవలు అంచు కనబడింది. అంచులో ప్రతి నాలుగో పోగు వదులు. సోలాపూర్ మొత్తంలో అలా నేసే సాంచా ఒక్కటే ఉంది, అది రాజయ్యది. వేషం ముఖాన్ని దాస్తుంది, గొంతును దాస్తుంది, బట్టను ఎలా దాస్తుంది? నేను మనుషుల్ని నమ్మను, బట్టను నమ్ముతాను. నా పెళ్లాం పుష్ప దీన్ని రోగం అంటుంది. "నువ్వు సావుకు పోయిన గూడ శవం మీద కప్పిన బట్ట అంచు సూస్తవ్" అంటుంది. చూస్తాను. చూస్తే తప్పేంటి? ఈగ ఎగిరింది, మళ్లీ వాలింది, ఈసారి పెదవి మీద.

ఈ ఆట ఎవరు మొదలుపెట్టారో ఎవరూ సరిగ్గా చెప్పరు. దీపావళికి ఈ ఊళ్లో ఇంటింటి ముందు పిల్లలు మట్టితో కిల్లా, అంటే చిన్న కోట, కడతారు, దాని మీద ఆవాలు చల్లి గడ్డి మొలిపిస్తారు, బొమ్మ సిపాయిల్ని నిలబెడతారు. ఏదో ఒక ఏడు పెద్దవాళ్లకు కూడా మనసు పుట్టి ఉంటుంది. పై గల్లీ ఒక కిల్లా, కింది గల్లీ ఒక కిల్లా, మనుషులే సిపాయిలు. తరవాత ఆదివారం పొద్దున టీవీలో పురాణాల సీరియళ్లు మొదలయ్యేసరికి అట్ట కిరీటాలు, జిగురు కాగితాల కవచాలు కూడా వచ్చాయి. వేషాలు కుట్టేది, ఎవరికి ఏ వేషమో నిర్ణయించేది యమునాబాయి. పొద్దునే మూటలు కట్టి గడపల ముందు పెట్టి పోతుంది, ఎవరికి ఏది ఇచ్చిందో ఇంకొకరికి చెప్పదు. వీపున చద్దరు కట్టుకున్నవాడు సిపాయి, సున్నం అద్దిన గుడ్డ కర్రతో కొట్టవచ్చు. నల్ల గొంగడి మాంత్రికుడు, ముట్టుకుంటే ఎంతటి సిపాయైనా రాయి. తెల్ల అంగీ, ఆకుపచ్చ పట్టీ వైద్యుడు, వాడు ఎవర్నీ కొట్టడు, రాళ్లను లేపుతాడు. ఇక హేరు అని ఒకడుంటాడు, వేగులవాడు, వాడికి తన వేషం ఉండదు, ఎవరి వేషమైనా వేసుకోవచ్చు. వైద్యుడే కదా అని నమ్మి నోరు తెరిస్తే హేరు అయి ఉంటాడు, నిన్ను పట్టుకుపోతాడు. వేషంలో ఉన్నప్పుడు ఎవర్నీ పేరు పెట్టి పిలవకూడదు. వైద్యుడు వచ్చి "నిన్నెవరు కొట్టిండ్రు?" అని అడుగుతాడు, రాయి నిజం చెప్పాలి, అప్పుడు ముట్టుకుంటాడు. ఎవరూ ముట్టకుండానే కదిలిన రాయి నడివీధిలో వేషం విప్పాలి, మళ్లీ బతుకంతా ఆటకు రాకూడదు. ఇంతవరకు ఒక్క రాయీ కదల్లేదు. మా మల్లప్ప బావ ఒక ఏడు చీమల పుట్ట మీద నిలబడి ముప్పావు గంట ఓర్చుకున్నాడు, ఇప్పటికీ కాలు చూపించి గొప్పలు చెప్పుకుంటాడు.

నన్నెప్పుడూ యమునాబాయి వైద్యుణ్ణి చెయ్యలేదు. ఒకసారి అడిగాను కూడా. "నీ సూపుకు సిపాయే మంచిగుంటది బిడ్డా, వైద్యునికి నమ్మే గుణం ఉండాలె" అంది. ఒకప్పుడు నా పక్క సాంచా నడిపిన మురళీధర్‌కు మాత్రం ఏళ్లకేళ్లు అదే వేషం. వాడి చేతిలో వెచ్చదనం ఉందట. వెచ్చదనం! ఆ చేతి గురించి నాకు తెలిసినంత యమునాబాయికి తెలుసా?

ఇప్పుడు గల్లీ చివర తెల్ల అంగీ ఒకటి కదులుతోంది. ముఖానికి గుడ్డ కట్టుకుంది. ఎవరది? తల తిప్పకూడదు, కనుగుడ్లు మాత్రం ఎంత మూలకు పోతే అంత. వైద్యుడా, హేరా? నా వైపు వస్తున్నట్టే వచ్చి కుళాయి దగ్గరున్న రాయి ముందు ఆగింది. నేను దగ్గరగా ఉండగా దూరపు రాయి దగ్గరికి ఎందుకు? అనుమానం పెనుభూతం అంటారు, నిజమే, కానీ భూతం ఉన్నచోటే కదా భయం. ఎవరింట్లోనో కరంజీలు వేయిస్తున్నారు, నూనె వాసన. నిన్న కాల్చిన టపాకాయల ఎర్ర కాగితాలు కాళ్ల దగ్గర. ఒంటిగంటకు సేఠ్ కార్ఖానాలో ముహూర్తం పూజ. నాలుగు రోజులు ఆగిన సాంచాలకు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి మళ్లీ తిప్పుతారు. నేను ఆ పూజకు పోయి ఒక మాట చెప్పాలి. హా, లేకపోతే నహీ. ఒక్క మాట. దాన్ని బట్టి ఒక మనిషి ఊళ్లో ఉండటమో, పోవటమో.

మొన్న సేఠ్ నన్ను గద్దె దగ్గరికి పిలిచాడు. దత్తాత్రేయ సేఠ్ చెడ్డవాడు కాదు, మా కరీంనగర్ దిక్కునుంచి తాత కాలంలో వచ్చినవాళ్లే. "విఠల్, మురళీ వచ్చి అడిగి పోయిండు. మళ్ల జకార్డు మీదికి తీస్కోమంటున్నడు. లేకుంటె సోమవారం భివండీ పోతడట, పెండ్లాం పిల్లలను తీస్కొని. ఆ నెమలి ముచ్చట్ల నువ్వే చెప్పినవ్ కద నాకు, వాని మీద. ఇప్పుడు నువ్వే చెప్పు. నువ్వు హా అంటె తీస్కుంట, నహీ అంటె లేదు. పాడ్వా పూజకు వచ్చి చెప్పు." నా తల మీద పెట్టాడు. రాత్రి పుష్ప అన్నం పెడుతూ, "మురళీ పెండ్లాం వసంత కుళాయికాడ కలిసింది. బీడీల చాటను గూడ అమ్మేసిందట. నన్ను సూసి నవ్వింది, అది సూస్తె నాకు ఏడుపొచ్చింది. నువ్వు ఏం చెప్తవ్?" అంది. చూద్దాం అన్నాను. "ఏం సూస్తవ్? ఇంక ఏ అంచు సూస్తవ్?" అంది.

ఏం చూస్తానంటే, జరిగింది చూస్తాను. రెండేళ్ల కింద మా సేఠ్ కొత్త చద్దరు తీద్దామనుకున్నాడు. నెమలి. మామూలు నెమలి కాదు, పింఛం విప్పి వెనక్కి తిరిగి చూసే నెమలి, దాని కన్ను ఒక్క పోగుతో తేలేది. ఆరునెలలు సేఠే గ్రాఫు కాగితం మీద గీసి, సాంచాకు ఎక్కించే కార్డులు తానే కొడితే, మొదటి నమూనా నా సాంచా మీదే తీశాం. చలికాలం పెళ్లిళ్లకు బజారులో దించాలని. మాది దిగటానికి పదిహేను రోజుల ముందే కొంతం చౌక్ దుకాణంలో వేలాడింది. అదే నెమలి, అదే మెడ తిప్పటం, వేరే కార్ఖానా ముద్ర. సేఠ్ ఆ చద్దరును తెచ్చి నేల మీద పరిచి దాని పక్కనే కూర్చున్నాడు. గ్రాఫు చూసినవాళ్లు ముగ్గురం. సేఠ్, నేను, నా పక్క సాంచా మురళీధర్. సేఠ్ తన సొమ్ము తాను దొంగిలించుకోడు. నేనా, నా సంగతి నాకు తెలుసు. ఇక మిగిలిందెవరు? లెక్క అంత సులువు. పైగా ఆ నెలలోనే మురళీధర్‌ను కొంతం చౌక్ హోటల్లో అవతలి కార్ఖానా వాళ్లతో చహా తాగుతుంటే నేను చూశాను. నన్ను చూసి చెయ్యి ఊపాడు కూడా. దొంగ ఎప్పుడూ అలాగే ఊపుతాడు అనుకున్నాను. "ఆ గ్రాఫు మళ్లొకసారి సూపియ్యరా, కన్ను ఎట్ల తీసిండ్రో సూస్త" అని అడిగాడు ఒకరోజు. అదీ గుర్తు పెట్టుకున్నాను. ఇంకోటి, ఆ ఏటి పాడ్వా ఆటలో, ఇక్కడే, యమునాబాయి ఇంటి కట్టా అరుగు ముందు, ఇలాగే నేను రాయినై నిలబడితే, వైద్యుడైన వాడు నన్ను లేపటానికి గంట సేపు రాలేదు. గల్లీలోనే ఉండి రాలేదు. ఎందుకు రాలేదు? అప్పటికే వాడి మనసులో ఏదో ఉండి నా కళ్లలోకి చూడలేకపోయాడు అనుకున్నాను. ఇన్ని పోగులు ఒక్కచోటికి వస్తే ముడి పడకుండా ఉంటుందా? సేఠ్ అడిగితే చెప్పాను. నా అనుమానం అని చెప్పలేదు, నిజం అని చెప్పాను. మురళీధర్ సాంచా దిగి నా ముందుకు వచ్చి, "విఠల్, నువ్వు గూడ గట్లనే అనుకుంటున్నవా?" అన్నాడు. నేను కండె మారుస్తున్నట్టు తల వంచుకున్నాను. ఆ తరవాత వాణ్ణి జకార్డు మీద ఎవరూ పెట్టుకోలేదు. కుంభారి రోడ్డు దిక్కు ఎక్కడో రేకుల షెడ్డులో టవళ్లు నేస్తున్నాడు, జకార్డు ఎక్కినవాడికి టవలు నెయ్యటమంటే పట్టు తెలిసినవాడు గోనె కుట్టటమే.

చెయ్యి లాగుతోంది. పైకెత్తిన చేతిలోకి రక్తం రావటం లేదు. పుష్ప గుమ్మంలోంచి పోయింది, బహుశా పూజకు నా అంగీ తీసి పెట్టటానికి. తెల్ల అంగీ ఇంకొంచెం దగ్గరికి వచ్చింది, ఇప్పుడు మల్లప్ప బావను లేపుతోంది. ఇక్కడికి పట్టీ బాగా కనబడుతోంది, టవలు చించి రంగు వేసింది. చివర తెగిన పోగును ముడి వేశారు. ఆ ముడి తోక ఎడమ వైపుకు తిరిగి ఉంది. ఎడమ చేత్తో ముడి వేసేవాడు మా పేటలో ఒక్కడే, మురళీధర్. పదమూడేళ్ల వయసులో నేనూ వాడూ ఒకే ఉస్తాదు దగ్గర ముడి నేర్చుకున్నాం, ఉస్తాదు వాడి ఎడమ చేతి మీద కొడితే నేను ఉస్తాదు చూడకుండా వాడి పోగులన్నీ కుడి ముళ్లు వేసి పెట్టేవాణ్ణి. వాడు సాయంత్రం నాకు సగం వడాపావ్ తెచ్చేవాడు, పెద్ద సగం. ఎప్పుడూ పెద్ద సగమే. ఎందుకు గుర్తొస్తుంది ఇప్పుడిది? రాయికి జ్ఞాపకాలు ఉండకూడదని కూడా ఒక నియమం పెట్టాల్సింది. పోయిన ఏడు ఆటకే రానివాడు ఈ ఏడు ఎందుకు వచ్చినట్టు? సోమవారం పోయేవాడు పాడ్వా ఆటకు వేషం కడతాడా? నా దగ్గరికి రావటానికే వచ్చాడు. నా నోటినుంచి హా అనిపించుకోవటానికి. లేదా, ఇంకోటి కూడా కావచ్చు, వాడు వైద్యుడు కాదు, హేరు. వేషం వేరు, లోపలి మనిషి వేరు, వాడి బతుకే అది కదా అనుకుంటున్నాను, అలా అనుకుంటే నాకు కొంచెం హాయిగానే ఉంది, నిజం చెప్పొద్దూ.

వెనక ఎవరో ఉన్నారు.

కట్టా మీద కర్ర చప్పుడైంది, చెప్పుల ఈడుపు. నా వీపు మీద చద్దరు కొంచెం కదిలింది. ఎవరివో వేళ్లు, ముసలి వేళ్లు, బట్ట మీద మెల్లగా పాకుతున్నాయి, పై నుంచి కిందికి. "రెండు లేపు, ఒకటి దింపు... మూడు లేపు, ఒకటి దింపు..." పోగులు లెక్కపెడుతున్నారు. పెంటప్ప కాక! యమునాబాయి మరిది, ఒకప్పుడు ఊళ్లో పేరు మోసిన డిజైన్ గీసే మనిషి, ఇప్పుడు చూపు మసకై ఎండ పొడలో కట్టా మీద కూర్చుంటాడు. బట్ట చూసి కార్డు గీసేవాడు, కాగితం అక్కర్లేదు. పోయిన ఏడు వరకు పని చేశాడు. ఎక్కడ? అవతలి కార్ఖానాలో. నా ఒళ్లు జల్లుమంది. కానీ రాయికి ఒళ్లెక్కడిది?

"తామర పువ్వు" అన్నాడు కాక వెనకనుంచి, నా భుజం తట్టి. "పాతదే కప్పుకొచ్చినవ్‌ రా విఠల్. ఇది నేను గీసిందే, మీ సేఠ్ తండ్రి కాలంల. ఆ ఏడు నెమలిది మంచిగుండె."

కనుగుడ్లు ఎంత మూలకు తిప్పినా కాక ముఖం కనబడలేదు.

"ఈడనే నిలబడితివి. గిట్లనే చెయ్యి లేపి. గంట సేపాయె, నిన్నెవ్వడు లేపకపాయె. ఆ మురళీగాడు నా మనుమరాలు నాలి గట్టు మీద పడి తల పగిలితె దవాఖానకు ఎత్తుకపోయిండు కద, అందుకనే రాలే. నేను ఈడ కూసుంటి, నా ముంగట నీ ఈపు. అబ్బ, ఏం నెమలిరా! మెడ తిప్పినకాడ పోగు ఎట్ల దాటిచ్చిండ్రో సూద్దమని లెక్కవెట్టిన. గంటల అయిపాయె. నువ్వే నిలబడి సూపెడ్తున్నవ్ అనుకున్న. దాసిపెట్టేటిది అయితె ఈపుకు కట్టుకొని నడివీధిల నిలబడతడా మనిషి?" కాక నవ్వాడు. దగ్గు వచ్చింది. "గీసి ఇస్తే మా మాలక్ ముద్దు పెట్టుకున్నంత పని చేసిండు. తర్వాత తెలిసింది, మీ కార్ఖానల లొల్లి అయిందని. నన్నెవ్వడు అడగలె, నేను చెప్పలె. నిన్ను గూడ ఎవ్వడు అడగలేదా?"

కర్ర చప్పుడు వెనక్కి పోయింది. కట్టా మీద కూర్చున్నాడు.

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడి ఉన్నాను, అరవకూడదు, కదలకూడదు. ఆ ఏడు నా వీపు మీద ఏం కట్టుకున్నాను? యమునాబాయి మూటలో వచ్చిన చద్దరు చినిగి ఉంటే దాన్ని తీసేసి, ఇంట్లో ఉన్న ముక్క కట్టుకున్నాను. ఏ ముక్క? నమూనా ముక్క. మొదటిసారి కార్డులు ఎక్కించినప్పుడు వచ్చే ముక్క, రంగులు తప్పి, ఒక మూల పోగులు లేచి, సేఠ్ చూసి సరేనన్నాక మూలన పడేసేది. నేసేవాడెవడూ దాన్ని బట్ట అనడు, చింధి అంటాడు. ఇంటికి తెచ్చుకుని నేల తుడుచుకుంటాం, మసిగుడ్డ చేసుకుంటాం. గ్రాఫు కాగితం ట్రంకు పెట్టెలో తాళం వేసి దాచాం ముగ్గురం, దేవుడి పటం వెనక పెట్టినంత భద్రంగా, దానికోసం ఒకరినొకరం అనుమానంగా చూసుకున్నాం. ఆ కాగితం మీద ఉన్నదంతా ఆ చింధి మీద ఉంది. చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతా వెతికినట్టు, వీపుకు కట్టుకొని వెతికాను నేను. శవం మీది బట్ట అంచు చూసేవాణ్ణి, రాజయ్య టవల్లో నాలుగో పోగు చూసేవాణ్ణి, నా వీపు నేను చూసుకోలేదు. పుష్ప ఆ సాయంత్రం ఆ ముక్కను ఉతికి దండెం మీద ఆరేసింది కూడా. "మంచిగున్నదయ్యా ఈ పక్షి" అంది. చింధి అన్నాను.

మురళీ పసిపిల్లను దవాఖానకు ఎత్తుకుపోయాడు. నేను దాన్ని కూడా లెక్కలో వేసుకున్నాను. అడిగితే చెప్పేవాడు. ఎందుకు రాలేదురా అని ఒక్క మాట అడగలేదు. అడిగితే అనుమానం పోతుందని భయమేమో. నాకు ఏడుపు వస్తోంది, రాయికి కన్నీళ్లు కారవచ్చా, దాని గురించి యమునాబాయి నియమం ఏమీ పెట్టలేదు. ఇప్పుడు పూజకు పోయి హా అంటే చాలదా? పాపం పోనీ సేఠ్, తీసుకో, రెండేళ్లు శిక్ష అనుభవించాడు అంటే సేఠ్ నా మంచితనానికి ముచ్చట పడతాడు. మురళీకి సాంచా వస్తుంది, భివండీ పోడు, వసంత బీడీలు చుట్టుకుంటుంది, నా సాంచా నాకుంటుంది. ఎవరికీ ఏమీ తెలియదు. ముసలాయన నోరు ఎన్నాళ్లుంటుంది? ఛీ, ఎంత త్వరగా పుడుతుందో ఇలాంటి ఆలోచన. దొంగను క్షమించినట్టు క్షమిస్తానా వాణ్ణి? నిజం చెబితే సేఠ్ నన్ను దింపేస్తాడు, ఇది మటుకు రాసి పెట్టుకోవచ్చు. అప్పుడు నాకూ టవళ్ల షెడ్డు, రేకుల వేడి. పుష్ప ముఖం.

తెల్ల అంగీ నా ముందు నిలబడింది. ముఖానికి కట్టిన గుడ్డ పైన రెండు కళ్లు. ఎడమ కనుబొమ్మ మీద చిన్నప్పటి గాటు. సన్నబడ్డాడు. గొంతు మార్చలేదు, ఆటలో అడగాల్సిన మాట అడిగాడు.

"రాయీ, నిన్నెవరు కొట్టిండ్రు?"

రాజయ్య అనకూడదు. మాంత్రికుడు అంటే చాలు. పెదవులు ఎండి అతుక్కుపోయాయి.

"మురళీ" అన్నాను.

"పేరు పెట్టి పిలవద్దు" అన్నాడు. చెయ్యి నా భుజం దాకా వచ్చి ఆగింది.

"నెమలి నా ఈపు మీదికెళ్లి పోయిందిరా. ఆ ఏడు నమూనా ముక్క కట్టుకొని ఈడనే నిలబడిన. పెంటప్ప కాక సూసి గీసుకున్నడు. ఇప్పుడే ఎరుకైంది. నువ్వు కాదు. నేను."

కట్టా మీద ముసలాయన దగ్గాడు. ఎక్కడో సిపాయిలు కేకలు వేస్తున్నారు. మురళీధర్ నన్ను చూడలేదు. నా పక్కనుంచి వెనక్కి నడిచాడు, నా వీపు వైపు. ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు, నాకు వాడి ఊపిరి మాత్రం వినబడింది. మళ్లీ ముందుకు వచ్చాడు.

"సేఠ్‌కు గిదే చెప్తవా, లేకుంటె హా ఒక్కటే అంటవా?"

వాడికి నేనెంత బాగా తెలుసు!

"గిదే చెప్త. అందరి ముంగట."

"అయితే పో" అన్నాడు. ముట్టుకోలేదు. చెయ్యి దించుకొని, ఆకుపచ్చ పట్టీ సరిచేసుకొని, "నేనైతే నిన్ను లేప, విఠల్. నాతోని కాదు" అని తిరిగాడు. పై గల్లీలో ఇంకో రాయి ఉంది, అటు పోయాడు.

యమునాబాయి ఇంటి గోడ నీడ నా పాదాల దగ్గరికి చేరింది. పన్నెండు దాటింది. ఇంకో వైద్యుడు వస్తాడేమో, ఆట అయిపోయినట్టు ఈల వేస్తారేమో, అప్పుడు మర్యాదగా నడిచిపోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. పాడ్వా ఆట ఒక్కోసారి రెండింటిదాకా సాగుతుంది. ఒంటిగంటకు సేఠ్ కొబ్బరికాయ కొడతాడు. నా మాట లేకపోతే ఆయనకు నహీ అన్నట్టే లెక్క.

ఎడమ చెయ్యి దించాను. సూదులు గుచ్చినట్టుంది. ముక్కు గోక్కున్నాను, గంట నుంచి ఉన్న దురద. ఎవరో అరిచారు, "రాయి కదిలింది! అరే, రాయి కదిలిందిరో!" సిపాయిలు, మాంత్రికులు అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. రాజయ్య గొంగడి తీసి చూశాడు. పుష్ప గుమ్మంలోకి వచ్చింది, నా ఉతికిన అంగీ చేతిలో ఉంది. నేను మెడ దగ్గర ముడి విప్పి, తామర పువ్వు చద్దరు మడిచి, కట్టా మీద పెంటప్ప కాక పక్కన పెట్టాను. ఆయన దాన్ని వేళ్లతో తడిమి, "ఏందిరా, ఆట ఇడిసిపెట్టినవా?" అన్నాడు. కార్ఖానా పది నిమిషాల దూరం. పై గల్లీ మూల మీద తెల్ల అంగీ ఇంకో రాయి ముందు నిలబడి చెయ్యి చాపి ఉంది. నన్ను చూస్తోందో లేదో తెలియలేదు. నేను దాని పక్కనుంచే నడిచాను.